పులస దొంగ దొరికిన రోజు

మా ఆయన భూతనాథ్ సమాద్దార్ కలకత్తా ట్రామ్ డిపోలో గుమాస్తా. ఆఫీసు నుంచి వస్తే డిటెక్టివ్ నవలే లోకం. వీధిలో ఎవరి చెప్పు పోయినా ఆయన చేతికి భూతద్దం వచ్చేది.

ఆ వానాకాలం, ఆవపెట్టి వండిన పులసలో గుడ్లున్న ముక్క మాయమైంది. ఇక ఆయనకు పండగే. నవలల చివర్లో చేసినట్టు ఇంటిల్లిపాదినీ ముందు గదిలో కూర్చోబెట్టారు.

"నేనే తిన్నాను బాబూ, ఇక వదిలేయండి," అంది పనిమనిషి పాంచీ.

నాకు అప్పుడే అర్థమైంది. "ఊరుకోండి, మీకు దండం పెడతాను," అన్నాను. వింటేనా!

"నువ్వు కాదే! ఎవర్నో కాస్తున్నావు. నీది నీలం చీర. వంటింటి తలుపు మేకుకు చిక్కిన పోగు తెల్లది, దానికి ఆవముద్ద మరక. ఈ ఇంట్లో అంచులేని తెల్లచీర కట్టేది..."

చూపిన వేలు గాల్లోనే ఆగిపోయింది. ఎదురుగా ఆయన్ని పెంచి పెద్దచేసిన మేనత్త ఖీరోదా. పెళ్ళయిన ఏడాదికే భర్త పోయాడు. మా ఇళ్ళలో విధవ చేప ముట్టకూడదు.

"రుచి మరిచిపోయానురా," అంది ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని.

ఆ నవలలన్నీ పొయ్యిలో పెట్టాను. ఆయన అడగలేదు.

ఇప్పటికీ "వాడికిష్టం" అంటూ అత్తే పట్టుబట్టి పులస వండిస్తుంది. ఆయన తల ఎత్తరు. ముద్ద గొంతు దిగదు. ఆవిడ గుమ్మంలో నిలబడి గాభరాగా అడుగుతుంది: "ముల్లు గుచ్చుకుందా నాన్నా?"