విజిల్ మళ్ళీ కూసిన రోజు

అశ్వారావుపేట రూట్లో నా నోటికి జడిసి ఏ మగాడూ టికెట్ లేకుండా ప్రయాణం చేసేవాడు కాదు. గొప్పలు కాదు, ఎవరిని అడిగినా చెబుతారు. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో, ఆడవాళ్ళు కండక్టర్లేమిటని అందరూ ముక్కున వేలేసుకుంటున్న రోజుల్లో, నేను కాంట్రాక్టు మీద ఆ ఉద్యోగంలో చేరాను. "ఎన్నొద్దులు చేస్తదో మేమూ చూస్తం" అన్నవాళ్ళు మా ఇంట్లోనే ఉన్నారు.

అలాంటి నా నోరే ఒక చలికాలం పొద్దున పడిపోయింది. పళ్ళు తోముకుని పుక్కిలిస్తుంటే నీళ్ళు ఎడమ మూలనుంచి కారిపోయాయి. అద్దంలో చూసుకుంటే ఎడమ కన్ను మూతపడదు, పెదవి కిందికి జారింది, నుదురు ముడిస్తే ఆ సగం ముడత పడదు. మా అత్త గుండెలు బాదుకుంది.

"అయ్యో, పక్షవాతం వచ్చిందే! బస్సుల కిటికీ కాడ కూసోవద్దంటే ఇన్నదా ఇది?"

నాకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. సంచిలోంచి విజిల్ తీసి ఊదాను. గాలంతా పక్కనుంచి తుస్సుమని పోయింది. అప్పుడు ఏడ్చాను, వెక్కి వెక్కి ఏడ్చాను.

ఎందుకంటే అడవి ఊళ్ళకు తిరిగే బస్సుకు వెనక కళ్ళు ఆ విజిలే. రోడ్డు అయిపోయిన చోట, వాగు ఒడ్డున, బండిని వెనక్కి తిప్పాలంటే కండక్టర్ దిగి ఊదాలి. పొట్టి కూతలకు రావాలి, పొడుగు కూతకు ఆగాలి. ఊదలేనిదానికి ఫిట్‌నెస్ కాగితం రాదు, అది లేకపోతే నా కాంట్రాక్టు అంతటితో సరి. మేం చెప్పలేదా అని నవ్వడానికి ఊరంతా కాచుక్కూర్చుంది.

ఖమ్మంలో నరాల డాక్టర్ దగ్గరికి వెళ్ళాం. ఆయన చేతులెత్తమన్నాడు, నడవమన్నాడు, నవ్వమన్నాడు. "పక్షవాతం కాదమ్మా, నీ మెదడు భేషుగ్గా ఉంది" అన్నాడు.

"మరి మూతెందుకు వంకర పోయింది సార్?" అని గయ్యిమన్నాను.

పాపం, మంచివాడు. కాగితం మీద బొమ్మ గీశాడు. నాడీకణానికి వేళ్ళలాంటి కొమ్మలుంటాయట, కబుర్లు అందుకోవడానికి. కబురు పంపడానికి మాత్రం ఒకటే పొడుగాటి తోక. అలాంటి తోకలు వేలకు వేలు కట్టగడితే ఒక నరం. తోక మీద కొవ్వు తొడుగు ఉంటుంది. అది ఏకధాటిగా ఉండదు, వెదురుకున్నట్టు కణుపులుంటాయి. కబురు కణుపు నుంచి కణుపుకు గెంతుకుంటూ పోతుంది, అందుకే అంత జల్దీ చేరుతుంది. తోక చివర కండరాన్ని తాకదట. మధ్యలో కంటికి ఆనని సందు ఉంటుంది, ఒక రసాయనం ఒలికి ఆ సందు దాటి, కదలమని కండరానికి చెబుతుందట.

"ముఖానికొచ్చే నరం చెవి వెనక ఎముకలో సన్న గొట్టంలోంచి రావాలి. నీకు అక్కడే వాచి ఇరుక్కుంది. వాపు తగ్గాలి, తొడుగు మళ్ళీ కట్టుకోవాలి. చాలామందికి బాగవుతుంది. ఓపిక పట్టు."

"అదొక్కటే నాకు పుట్టుకతో లేదు సార్" అన్నాను. మాత్రలు, కంట్లో చుక్కలు, అద్దం ముందు కసరత్తులు రాసిచ్చాడు.

మా బస్సు డ్రైవర్ కొత్తగూడెం ముస్లిం పెద్దాయన, మా నాన్న ఈడువాడు. చూడ్డానికి వచ్చాడు.

"ఏంది బేటీ, నీ లొల్లి లేక బస్సంత సప్పగున్నది. అసలు ఏమైందన్నరు?"

"మన బస్సుల గంట తాడు లేదా చాచా, గట్లనే. గుంజే చెయ్యి మంచిగున్నది, గంట మంచిగున్నది. నడుమ తాడు నలిగింది."

"కొత్త తాడేస్తరా?"

"ఎయ్యరంట. అదే బాగు చేస్కుంటదంట."

"అరె వాహ్! గిసుంటి తాడు మన బస్సుకొకటుంటే!" అన్నాడు. వంకర మూతితోనే నవ్వాను.

రోజూ అద్దం ముందు ఆ, ఈ, ఊ అంటూ చెంపలు పూరించేదాన్ని. కిటికీలోంచి చూసి నవ్విన పక్కింటామెను నోటికొచ్చినట్టు తిట్టాను. తిట్టు సగం గాలికే పోయింది. వారాలు గడిచాయి. ఒకనాడు అన్నం తింటుంటే ఎడమ చెంపలో ఏదో అదిరింది. ఇంకొన్నాళ్ళకు పుక్కిలించబోతే నీళ్ళు కారలేదు! నోటి నిండా నీళ్ళు పట్టుకుని, బుగ్గలు పూరించి, అత్త ముందుకు పరిగెత్తి వేలితో చూపించాను. "మళ్ళేమైందే తల్లీ!" అని ఆమె బావురుమంది. ఉమ్మి చెప్పాక ఇద్దరం ఏడ్చాం, ఈసారి సంతోషంతో.

నయమైందని డాక్టర్ రాసిచ్చిన కాగితం పట్టుకుని డిపోకు పోయాను. అక్కడి ఆఫీసర్ చదివి, "కాగితం సరే గని, ఊది సూపియ్యమ్మా. ఆ గోడదాక బండి ఎనకకు తీపియ్యి" అన్నాడు. డిపోలో ఉన్నవాళ్ళంతా పోగయ్యారు.

చాచా బస్సెక్కాడు. చెయ్యి బయటికి పెట్టి వెనక చూసుకునే అద్దాన్ని మడిచేశాడు. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

"చాచా, అద్దం!"

"నాకెందుకు అద్దం? నువ్వున్నవ్ గద."

పొట్టి కూత వేశాను. సన్నగా వచ్చింది, అయినా బండి కదిలింది. ఇంకోటి, ఇంకోటి. బస్సు గోడ మీదికి వచ్చేస్తోంది. ఎడమ పెదవి మూలను బలంగా బిగించి, ఉన్న ఊపిరంతా పెట్టి పొడుగు కూత వేశాను. షెడ్డు రేకులు అదిరాయి. బ్రేకు పడింది. గోడకూ బస్సుకూ మధ్య నా టికెట్ల సంచి పట్టేంత జాగా మిగిలింది.

చాచా కిటికీలోంచి తల బయటపెట్టి, "ఇనవడ్డదా సార్?" అని అరిచాడు.

ఆఫీసర్ రెండు చెవులూ మూసుకుని, "ఇనవడ్డదమ్మా, ఇనవడ్డది! ఫిట్ రాస్త, ఇగ ఆపు!" అన్నాడు.

నేను ఆపితేగా!