మావయ్య పెరట్లో అడవి లెట్యూస్

మా మేనమామ బొబ్బిలిలో డ్రిల్లు మాస్టారుగా రిటైరయ్యాడు. షుగరు వచ్చాక ఆయన దృష్టి ఆకుల మీద పడింది. మెత్తగా, పచ్చగా ఏది కనిపించినా నోట్లో వేసుకునేవాడు. నేను రాజాం కాలేజీలో బోటనీ చెబుతాను కాబట్టి, ఆయన నమిలిన ప్రతి ఆకుకూ జవాబుదారీ నాదే.

శ్రీకాకుళంలో ఒక పెళ్లి విందులో ఆయనకు లెట్యూస్ అనే పచ్చిగా తినే సీమ ఆకుకూర పరిచయమైంది. వారం తిరక్కుండా ఫోన్ చేశాడు.

"ఒసే, మా పెరట్లో అదే మొలిసింది. వొచ్చి సూడు."

బస్సెక్కి వెళ్లాను. నూతి పక్కన నిజంగానే ఉంది. కాకపోతే పెళ్లి లెట్యూస్ కాదు, దాని అడవి చుట్టం. అడుగున ఆకులు నేలకు పరుచుకుని ఉన్నాయి. అంచులు రంపపు పళ్లలా లోతుగా చీలి, ఆ పళ్లన్నీ ఆకు మొదలువైపు తిరిగి ఉన్నాయి. నడుమ సన్నటి కాడ, దాని కొమ్మల చివర పసుపుపచ్చ పూలు. ఒక ఆకు తుంచితే తెల్లటి పాలు ఉబికాయి. దీని శాస్త్రీయనామం లాక్టూకా అనీ, ఆ లాటిన్ మాట పాల నుంచే వచ్చిందనీ చెప్పాను.

"పాలిస్తాదట!" అన్నాడు మావయ్య, అత్తవైపు గర్వంగా చూసి.

"మన గేదె కంటే నయవే. అది మానేసి నెలయింది," అంది అత్త.

నా క్లాసులో ఇంత శ్రద్ధగా వినేవాళ్లు దొరకరు. రెచ్చిపోయాను. "ఇది ఒక్క పువ్వు కాదు మావయ్యా. రేకులా కనిపించే ప్రతిదీ ఒక పువ్వే. కొసన అయిదు బుల్లి పళ్లు చూడు."

"ఉమ్మడి కుటుంబవన్నమాట. ఇంతమందికీ వొండేదెవులో?" అంది అత్త.

మావయ్య వండనివ్వలేదు. ఉల్లిపాయ, నిమ్మరసం కలిపి పచ్చిదే పెద్ద పళ్లెం నిండా పెట్టుకున్నాడు. మొదటి ముద్దకే ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఎలా ఉంది?"

"బెమ్మాండం."

శాస్త్రం పరువు కోసం నేనూ ఒక ఆకు తిన్నాను. చేదుకి నాలుక మడత పడిపోయింది. అత్త మాత్రం నింపాదిగా చేపల పులుసు కలుపుకుంది. వీధంతటికీ ముందే గొప్పలు చెప్పుకున్నాడేమో, మావయ్య పళ్లెం ఖాళీ చేశాడు. తర్వాత వాలుకుర్చీలో కూలబడి నిద్రపోయాడు. రోజూ ఆ వేళకి ఫోన్లో ఆరోగ్యం వీడియోలు ఊరంతా వినేలా పెడతాడు. ఆ రోజు ఇల్లు ప్రశాంతంగా ఉంది.

"ఈ మొక్క నిద్దర పుట్టిస్తాదేటే?" అత్త గుసగుసగా అడిగింది.

"పాతకాలంలో అలా అనుకునేవారు. రుజువు లేదత్తా."

"రుజువు కుర్సీలో గురక పెడతన్నాదే!"

సాయంత్రం లేచిన మావయ్య మొక్క పీకేస్తానన్నాడు. అత్త అడ్డం నిలబడింది. మర్నాటి నుంచి రోజూ అదే ఆకు చింతపండు వేసి పప్పులో వండిపెట్టింది. మావయ్య సణుగుతూ తిన్నాడు, నిద్రపోయాడు. తీరా కాయలు ముదిరి, గింజకో తెల్లటి పట్టుకుచ్చుతో గాలికి ఎగరడం మొదలుపెట్టేసరికి విత్తనమంతా పోతుందని అత్త కంగారుపడి నాకు ఫోన్ చేసింది. మిగిలిన కాయలకు పల్చటి గుడ్డ కట్టమన్నాను.

తర్వాత వెళ్లినప్పుడు చూశాను. ప్రతి కొమ్మకూ పాత జాకెట్టు ముక్క తలపాగాలా ఉంది. పక్కింటావిడ గోడమీంచి తొంగిచూస్తోంది.

"వదినా, మా ఆయన కోసం నాలుగు గింజలుంటే ఇయ్యవా?"