ఉప్పు స్ఫటికం పగిలిన రోజు

మా బడి ప్రయోగశాలలో గాజు సామాను కడిగి, ఆరబెట్టి, పాఠానికి అమర్చే ఆవిడను పిల్లలు ల్యాబత్త అనేవారు. ఏ పిల్లకైనా ఒళ్ళు వెచ్చబడితే తన కుర్చీ ఇచ్చేసి తాను నిలబడే పని చేసుకునేది.

ఆమెకు ముందు ఆ ఉద్యోగం భర్తది. ఆయన ఏటా ఉప్పునీళ్ళలో దారం వేలాడదీసి, నెలల తరబడి ఓపికపట్టి ఒక స్ఫటికాన్ని పెంచేవాడు. పాఠం రోజున పిల్లల ముందే దాన్ని పగలగొట్టేవాడు. చివరి స్ఫటికం పగలకముందే ఆయన కన్నుమూశాడు. నిమ్మకాయంత ఆ స్ఫటికాన్ని ఆమె తడి తగలకుండా గాజు డబ్బాలో దాచుకుంది. అప్పటి నుంచి పిల్లలకు పుస్తకంలో బొమ్మే దిక్కయింది.

ఆ ఏడు కొత్త టీచరమ్మ అయానిక సమ్మేళనాల పాఠం మొదలుపెట్టింది.

"సోడియం అయానుకు ధనావేశం, క్లోరైడు అయానుకు ఋణావేశం. ఒకదాన్నొకటి లాక్కుని వరుసలు కట్టి కూర్చుంటాయి. ఆ పట్టు విడిపించాలంటే చాలా వేడి కావాలి."

ల్యాబత్త మంట మీద ఒక గరిటెలో మైనం, ఇంకో గరిటెలో ఉప్పు పెట్టి చూపింది. మైనం ఇట్టే కరిగింది. ఉప్పు చిటపటలాడి అలాగే ఉండిపోయింది.

"ఉప్పు స్ఫటికం గట్టిది, కానీ పెళుసు" అంది టీచరమ్మ.

ముందు బెంచీ పిల్ల లేచింది. "గట్టిదంటారు, పెళుసంటారు! ఏదో ఒకటి తేల్చండి టీచర్."

తరగతి గొల్లుమంది. టీచరమ్మ కూడా నవ్వుతూ ప్రయోగశాల అలమరలోని గాజు డబ్బా అందుకుంది. "పగలగొట్టి చూపిస్తే సరి."

పిల్లలు నవ్వు ఆపి అరిచారు. "అది ల్యాబత్తది టీచర్! పోయిన మావయ్య చేసింది."

"అయ్యో, తెలీక ముట్టుకున్నానమ్మా" అంటూ టీచరమ్మ డబ్బా తిరిగిచ్చేసింది. "బొమ్మ గీసి చెప్తాలెండి."

ల్యాబత్త డబ్బాను గుండెకు హత్తుకుంది. ముందు బెంచీ పిల్ల అర్థం కాకుండానే తల ఊపి కూర్చుంది. అది ల్యాబత్త కంటపడింది.

"ఆగండి టీచరమ్మా. దీన్ని ఆయన పెంచింది నేను దాచుకోడానికి కాదు."

"అత్తా, వద్దులే" అంది ఆ పిల్ల.

"నువ్వు నోర్ముయ్. దూరం జరగండర్రా, కళ్ళలో పడుతుంది."

స్ఫటికాన్ని బల్ల మీద పెట్టి, ఉలి ఆనించి సుత్తితో ఒక్క దెబ్బ కొట్టింది. స్ఫటికం రెండుగా విడిపోయింది. పగిలిన చోట అద్దంలా చదునుగా ఉంది.

"దెబ్బకి ఒక వరుస పక్కకి జరిగింది" టీచరమ్మ గొంతు తగ్గించి చెప్పింది. "ధనానికి ఎదురుగా ధనం, ఋణానికి ఎదురుగా ఋణం వచ్చాయి. ఒకదాన్నొకటి తోసుకున్నాయి. అందుకే విడిపోయింది."

ల్యాబత్త ఒక ముక్కకు, బల్బు కలిపిన బ్యాటరీ తీగలు ఆనించింది. బల్బు వెలగలేదు.

"ఇక చాలమ్మా. ముక్కలైనా దాచుకోండి."

"సగంలో ఆపితే ఆయన ఊరుకునేవాడు కాదండీ."

ఆ ముక్కను నూరి, శుద్ధిచేసిన నీళ్ళలో వేసి, గాజు కడ్డీతో తిప్పి తీగలు ముంచింది. బల్బు వెలిగింది.

ముందు బెంచీ పిల్ల దగ్గరికొచ్చింది. "మావయ్య ఉప్పు పోయిందా అత్తా?"

"పోలేదే తల్లీ. అయాన్లు పట్టు వదిలి నీళ్ళంతా తిరుగుతున్నాయి. అందుకే కదా వెలిగింది."

ఆమె కళ్ళు తుడుచుకుంటుంటే, ఆ పిల్ల బల్ల మీద రాలిన పలుకులను పొడిగుడ్డతో, ఒక్కటి కూడా కింద పడకుండా పోగుచేయసాగింది.