బరాత్‌కెక్కిన నా ఫారిన్ కారు

పటాన్‌చెరులో పనిచేసేటప్పుడు, స్కూటరుకు సరిపోయే జీతంతో పాత ఫారిన్ కారు కొన్నాను. ఎక్కువ రోజులు అది మెకానిక్ దగ్గరే విశ్రాంతి తీసుకునేది. అయినా ఇస్నాపూర్‌లో మా ఇంటి ఓనరు, తన కొడుకు బరాత్ అందులోనే అన్నాడు. ఆడపెళ్లివారి ముందు ఆయన పరువంతా నా రేడియేటర్ మీద పడింది.

పెళ్లిరోజు బ్యాండు వెనక కారు నత్తనడక నడిచి, సగం దారిలో ఇంజన్ వేడెక్కి ఆగిపోయింది. నేను దిగబోయాను.

"దిగకు సారూ, స్టీరింగ్ పట్టుకొని కూసో" అన్నాడు ఓనరు. తన తమ్ముళ్లను వెనక డాన్సు చేస్తూ కారు తొయ్యమన్నాడు.

ఎదురుకోలు దగ్గర బ్యాండు ఆగింది. పెళ్లికూతురి తండ్రి చెవి రిక్కించి మురిసిపోయాడు.

"ఇంజన్ సప్పుడే లేదు సూడు. పెద్ద కారంటే గిట్లుండాలె!"

"పెట్రోలు గూడ తాగదు బావా" అన్నాడు మా ఓనరు.