చెరకా, గింజా?

మాన్వి బడిల మాకు జీవశాస్త్రం చెప్పిన సారు ఏ మొక్కను చూసినా "చెరకా, గింజా?" అని అడుగుతుండె.

పోయినేడు మంచిగ కాసిన హైబ్రిడ్ పత్తి గింజలనే మా నాయిన మళ్ల విత్తుతనన్నడు. ఇంటికొచ్చిన సారు వద్దన్నడు.

"చెరకు ముక్క నాటితే కణం ఉన్నదున్నట్టే రెండైతది. అది మైటోసిస్, పంట మారదు. గింజ కట్టేముందు మియోసిస్ నడుస్తది. కణం రెండుసార్లు చీలి, తల్లిదండ్రుల గుణాలను కలగలిపి సగమే పంచుతది. ఏ రెండు మొక్కలూ ఒక్కతీరుగ రావు."

"మంచి పంట గింజలు సారూ, ఎట్ల మారుతయి?"

"నీకు ఐదుగురు పిల్లలు గదా పెద్దయ్యా! ఒక్కరన్న అచ్చం నీలెక్క ఉన్నరా?"

నాయిన నా దిక్కు శానాసేపు చూసిండు. మూట విప్పి, గింజలన్నీ బర్రెలకు నానబోసిండు.