పొగకు దొరకని లీకు

2024 నవంబరు. తిరువళ్ళూరులో నా షెడ్డు ముందు వాన నీళ్ళు నిలిచిపోయి, వచ్చిన ప్రతి కారూ బురద మోసుకొస్తున్న రోజులు. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఇదే పని. తిరుత్తణిలో మా మేస్త్రి దగ్గర నేర్చుకున్నప్పుడు ఇంజను చప్పుడు వింటే జబ్బు తెలిసేది. ఇప్పుడు స్కానర్ తగిలించాలి, అది చెప్పింది నమ్మాలి, నమ్మి మోసపోవాలి. నిజంగానే విసుగొచ్చేసింది.

ఆ శనివారం కస్తూరి వచ్చింది. మణవాళనగర్‌లో ఉంటుంది, సొంత పెట్రోలు కారు నడుపుతుంది. తెల్లవారి అయిదింటికి నలుగురు ఆడపిల్లల్ని ఎక్కించుకుని ఫ్యాక్టరీ గేటు దగ్గర దింపే ట్రిప్పు ఆమెది. భర్త లేడు. పిల్లల చదువు, అత్త మందులు అన్నీ ఆ ఒక్క ట్రిప్పు మీదే నడుస్తున్నాయి.

“అన్నా, ఇంజను లైటు తిరగా వచ్చేసింది. సోమవారానికి అది పోకపోతే బండి గేటులోకి తేవద్దనేసినాడు సూపర్వైజరు.”

“పోయిన వారం నేను తుడిచింది లైటునే, జబ్బును కాదమ్మా,” అన్నాను. అదేదో గొప్ప మాట అన్నట్టు.

స్కానర్‌లో వచ్చింది ఈవాప్ సిస్టంలో చిన్న లీకు అనే కోడ్. ట్యాంకులో పెట్రోలు ఊరికే ఉండదు, ఆవిరవుతూ ఉంటుంది. ఆ ఆవిరి గాలిలో కలవకుండా కానిస్టర్ అనే బొగ్గు డబ్బా పీల్చుకుంటుంది. ఇంజను నడిచేటప్పుడు పర్జ్ వాల్వ్ తెరుచుకుని ఆ ఆవిరిని ఇంజనులోకి పంపుతుంది. ఇదంతా గాలి చొరబడకుండా మూసి ఉండాలి. ఎక్కడైనా కారుతోందా అని కారు తనే పరీక్ష చేసుకుంటుంది, అదీ దానికి బుద్ధి పుట్టినప్పుడు. ట్యాంకు మరీ నిండుగా ఉండకూడదు, ఇంజను పూర్తిగా చల్లారి ఉండాలి. అందుకే లైటు తుడిచేస్తే నాలుగు రోజులు నిమ్మళంగా ఉండి మళ్ళీ వెలుగుతుంది.

“పెట్రోలు పోయించినాక మూత సరిగ్గా బిగిస్తాండావా?” అని అడిగాను.

“టిక్కు టిక్కుమనేదాకా తిప్పతానే ఉండా కదన్నా.”

నేను నమ్మలేదు. ఆడమనిషి, బండి సంగతి ఏం పడుతుందిలే అని లోపల అనుకున్నాను. ఇప్పుడు రాస్తుంటే సిగ్గుగా ఉంది, కానీ అనుకున్నది అదే.

స్మోక్ టెస్ట్ పెట్టాను. పైపుల్లోకి తక్కువ ప్రెషర్‌తో పొగ పంపితే కారే చోట బయటికొస్తుంది. ట్యాంకు మూత తీసి బల్ల మీద పెట్టి, దాని స్థానంలో అడాప్టర్ బిగించి పొగ వదిలాను. అరగంట కారు కింద పడుకుని టార్చి వేసి వెతికాను. ఎక్కడా పొగ లేదు. ఇంక మిగిలింది లోపల్లోపల కారే పర్జ్ వాల్వే అని తేల్చేసి, కొత్తది వేసి పంపాను. అది పరీక్ష కాదు, ఊహ. అలసిపోయిన మనిషికి ఊహ చాలా సుఖంగా ఉంటుంది.

సోమవారం లైటు లేదు. గురువారం తెల్లవారి, సరిగ్గా గేటు ముందు, వెలిగింది.

శుక్రవారం ఆమె వచ్చి స్టూలు మీద కూర్చుంది. అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది.

“ట్రిప్పు వేరేవాళ్ళకు ఇచ్చేసినారన్నా. ఆ నలుగురు పిల్లలూ ఫోన్ చేసి ఏడస్తాండారు. యాడుందో తప్పు, ఇప్పుడన్నా కనిపెట్టు.”

మళ్ళీ మూత తీసి బల్ల మీద పెట్టి, అడాప్టర్ చేతిలోకి తీసుకున్నాను. ఆమె ఊరికే ఆ మూతను తిప్పి చూస్తూ ఉంది.

“అన్నా, ఈ రబ్బరు మీద పసుప్పచ్చగా ఏముంది?”

గోటితో గీకితే పొలుసుగా లేచింది. వాసన చూశాను. పెట్రోలు కంపులో కూడా తెలిసిపోయింది, గంధం. ట్యాంకు నోటి అంచు మీద కూడా ఒక చుక్క ఎండి గట్టిపడి ఉంది.

“ఇంట్లో బండికి పూజ చేసినారా?”

“లేదన్నా. ఆయుధ పూజకు బండి ఈడనే ఉన్నింది కదా, ఆయిల్ మార్చేదానికి వదిలిపెట్టినా.”

మా మేస్త్రి ఆయుధ పూజనాడు స్పానర్లకూ జాకీకీ బొట్టు పెట్టి, షెడ్డులో ఉన్న ప్రతి బండికీ ట్యాంకు మూత తీసి అంచు మీద గంధం పెట్టేవాడు. బండి అన్నం తినే నోరు అది అనేవాడు. ఆయన పోయాక కూడా నేను ఏటా తప్పకుండా అదే చేస్తున్నాను. ఆ కాలం డీజిల్ వ్యాన్లకు ఆ చుక్క ఏమీ చేయలేదు. ఈ కారుకు ఎండిన గంధం పక్కన మిగిలే వెంట్రుకంత సందు చాలు, లైటు వెలగడానికి.

ఈసారి పాత మూతనే బిగించి, బానెట్ వైపు నుంచి పొగ పంపాను. మూత కింద నుంచి సన్నగా పొగ లేచింది. పూజనాటితో కలిపి మూడుసార్లు ఆ మూతను నా చేతులతోనే తీసి పక్కన పెట్టాను. పొగ కారంతా వెతికింది, నేను బల్ల మీద పెట్టింది తప్ప.

“తప్పు నాదే కస్తూరీ. ఆ గంధం పెట్టింది నేనే.”

ఆమె వంగి ఆ పొగను చూసింది. తరువాత అవునన్నట్టు తలూపి, “ఆమా, నువ్వే,” అంది. అంతే.

అంచు తుడిచి, కొత్త మూత వేసి, ఆమెతో పాటు ఫ్యాక్టరీ గేటుకు వెళ్ళాను. సూపర్వైజరు ముందు జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆయన అంతా విని, ఖాళీ వస్తే పిలుస్తానన్నాడు. పిలవలేదు. ఇప్పుడు కస్తూరి తిరుత్తణి కొండకు వచ్చే యాత్రికుల్ని తిప్పుతోంది. పని ఉన్న రోజు ఉంటుంది, లేని రోజు లేదు.

ఇప్పుడు లీకు కోడ్‌తో ఏ కారు వచ్చినా మూత తిప్పి చూశాకే స్కానర్ ముట్టుకుంటున్నాను. ఈ బండిని చివర ముట్టింది ఎవరు అని అడిగేటప్పుడు మొదట నన్ను నేనే అడుగుతున్నాను. ఇరవై ఎనిమిదేళ్ళకు నేర్చుకోవలసిన పాఠం కాదిది.

నిరుడు ఆయుధ పూజకు ఆమె బండి తీసుకుని తనే వచ్చింది. గంధం గిన్నె పట్టుకుని నేను బానెట్ దగ్గరే ఆగిపోయాను. ఆమె గిన్నె లాక్కుని, స్టీరింగుకూ నా స్కానర్‌కూ బొట్టు పెట్టింది.

“మూత జోలికి పోవద్దన్నా,” అంది నవ్వుతూ. తరువాత నవ్వు ఆపి, “ఆ అయిదింటి ట్రిప్పు యాడన్నా ఉంటే చెప్పు,” అంది.

అడుగుతూనే ఉన్నాను.