ఎండ ఎటువైపు?

బస్సు సగం దారిలో ఉండగా పక్క సీటులోని ఆవిడ నాకు పరీక్ష పెట్టింది. ఇన్నేళ్ళ తిరుగుళ్ళలో నన్ను అప్పడిగినవాళ్ళున్నారు, జాతకం చెప్పమన్నవాళ్ళున్నారు. ప్రశ్న అడిగి మార్కులు వేసిన మనిషి మాత్రం ఈవిడే.

"తాతగారూ, ఖాళీయేగా? నీడంటే ఏమిటో చెప్పండి."

కాంతికి అడ్డొచ్చిన వస్తువు వెనక ఏర్పడే చీకటి అన్నాను. ఊపు మీద గ్రహణాల దాకా వెళ్ళబోతే చెయ్యెత్తి ఆపింది.

"పూర్తి మార్కులు," అని నీరసంగా సీట్లోకి జారబడింది.

"ఇచ్చినదానికి ఏడుస్తావేమ్మా?"

ఆరో తరగతికి సైన్సు చెబుతుందట. ఒళ్ళో యూనిట్ ప్లాను కాగితాలు: నీడల పాఠానికి ఎన్ని పీరియడ్లు, ఏ పీరియడ్లో ఏం చేయించాలి, చివర ఏం అడగాలి. నీడ ఎటు పడుతుందో పిల్లలు ముందుగా చెప్పగలగాలన్నది సిలబస్ కోరిక. ఆ కాగితాలు రెండుసార్లు తిరిగొచ్చాయి. తిప్పి పంపినావిడ ఆ బడి ప్రధానోపాధ్యాయురాలు. ఇంట్లో ఈవిడకు అత్తగారు.

"నా వంటకి వంక పెట్టదండీ, నా ప్లానుని మాత్రం వదలదు. సిలబస్ ఒక దారి, నీ పరీక్ష ఒక దారి అంటుంది. ఇవాళ కూడా నచ్చకపోతే ఆరో తరగతి మా తోటికోడలికిచ్చేస్తుంది. నా పిల్లలండీ వాళ్ళు!"

అంతలో బస్సు ఉత్తరానికి మళ్ళింది. పొద్దుటి ఎండ నా బట్టతల మీద పడింది. నేను చేతిసంచీ నెత్తిన పెట్టుకున్నాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది.

"నీడ గురించి అంత చెప్పారు, ఎండవైపు కూర్చున్నారేం?"

"కిటికీ ఖాళీగా ఉందని."

"నిర్వచనానికి పది, కూర్చున్నదానికి సున్నా! అత్తయ్య మొత్తుకునేది ఇదే!"

"మరి నువ్వూ ఇటే కూర్చున్నావుగా?"

"ఎడమవైపు ఆవిడుంది," అని గొంతు తగ్గించింది. అక్కడ తోటికోడలు చల్లగా కునుకు తీస్తోంది.

ఆవిడ పాత ప్రశ్న అడ్డంగా కొట్టేసి, పొద్దున ఉత్తరానికి పోయే బస్సులో నీడ ఎటువైపు ఉంటుందని రాసింది. నిర్వచనం చెప్పే పీరియడు తీసేసి, కాగితం మీదే పిల్లల్ని మైదానంలో ఎండకి నిలబెట్టింది. నేనూరుకోలేదు.

"సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు మాత్రం ఎండ ఎడమవైపేగా?"

ఆవిడ గాల్లో చేత్తో బస్సు నడిపి, వెనక్కి తిప్పి, పకపకా నవ్వింది. "అప్పుడూ కుడివైపే! సూర్యుడూ మారతాడు, బస్సూ మారుతుంది. మా పిల్లలూ అచ్చం మీలాగే పప్పులో కాలేస్తారు. ఇది రెండో ప్రశ్న!"

ఇంత ఉపయోగపడిన అజ్ఞానం నాకు మునుపెన్నడూ లేదు.

బడి దగ్గర బస్సాగింది. గేటులోనే నిలబడ్డ పెద్దావిడ కాగితాలు అందుకుని చదివింది. ఉత్తరానికి తిరిగి ఎండవైపు కుడిచెయ్యి చాపింది. దక్షిణానికి తిరిగి, కాసేపాలోచించి, మళ్ళీ అదే చెయ్యి చాపింది. అక్కడికక్కడే కలం తీసి సంతకం పెట్టింది.

నేను కిటికీలోంచి చెయ్యూపుతూనే ఉన్నాను. టీచరమ్మ కాగితాలు లాక్కుని, చీర కుచ్చెళ్ళు పట్టుకుని, ఆరో తరగతి గది వైపు దాదాపు పరుగు తీసింది.